పాపకు ఎత్తిపెట్టిన చేప

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, నెల్లూరులో నాకు చేతినిండా పనే. అన్నీ పోయినవాళ్ల బొమ్మలు. ఫొటో పంపితే రంగుల్లో దించడం. ముఖాలు వేసి వేసి ప్రాణం విసిగిపోయింది. అప్పుడే కృష్ణపట్నం పోర్టులో పనిచేసే ఎస్తేరు వచ్చి, ముఖం వద్దు, వస్తువులు వేయమంది. మా పనిలో దాన్ని స్టిల్ లైఫ్ అంటాం. వస్తువులను ఎదురుగా పేర్చుకుని వేసే బొమ్మ.

వాళ్లమ్మ సుగుణమ్మ జువ్వలదిన్నెలో ఏళ్ల తరబడి చేపలమ్మింది. ఇప్పుడు మతిమరుపు జబ్బు. కన్నకూతురినే పోల్చుకోలేదు.

"నన్ను ఆస్పత్రి నర్సనుకుని నర్సమ్మా అంటా ఉండాదన్నా. ఆ గంపా, చేపలూ చూస్తేనైనా నేను గుర్తొస్తానేమో" అంది ఎస్తేరు.

నాకు నమ్మకం లేదు. ఆ మాట చెప్పే ఓపికా లేదు. ఒప్పుకున్నాను.

సుగుణమ్మ పాత గంపలో వంజరం చేపలు పేర్చి వేశాను. ఇల్లంతా నీచు వాసన. మా ఆవిడ మాట్లాడటం మానేసింది. గంప పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి కూడా పెట్టాను, జ్ఞాపకం ఆరిపోయిందనడానికి గుర్తుగా. మా చదువులో నేర్పేవి ఇలాంటివే.

బొమ్మ తీసుకుని జువ్వలదిన్నె వెళ్లాను. సుగుణమ్మ కొవ్వొత్తి వంక చూడనైనా లేదు. చేపల మీద వేలు పెట్టి వెతికింది.

"అన్నీ పైన పరిచేస్తే ఎట్టయ్యా? మా పాపకి ఎత్తిపెట్టింది యాడ?"

"ఏ పాపకి మా?" అంది ఎస్తేరు.

"మా ఎస్తేరుకి. పొద్దున్నే మంచిదొకటి గోనెపట్టా కింద పెట్టేస్తా. ఎవురడిగినా ఇయ్యను."

ఎస్తేరు బయటికొచ్చి ఏడ్చింది. "అమ్ముడుపోనిది మాకు పెడతా ఉందనుకున్నానన్నా. ఆ కోపానికి ఎన్నిసార్లు అన్నం మీద నుంచి లేచిపోయినానో."

నేను సంచిలోంచి రంగులు తీశాను. అక్కడే కూర్చుని కొవ్వొత్తి మీద రంగు పూసేసి, ఆ చోట తడి గోనెపట్టా, దాని కింద నుంచి కనబడే చేప తోక వేశాను. ఎస్తేరు తల్లి పక్కన చేరి ఆ తోక చూపించింది.

"ఇది నాకియ్యి మా."

సుగుణమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "అడగబాకమ్మా. అది మా పాపది."

ఎస్తేరు సరేనని తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

బొమ్మల్లో నా సొంత గుర్తులు పెట్టడం ఆ తర్వాత మానేశాను. ఎవరింటి వస్తువులు వేయమన్నా, వీటిలో ఏది ఎవరికోసం దాచేవారని ముందు అడుగుతాను. చాలామంది తెలియదంటారు. తెలిసిన మనిషి అప్పటికే పోయి ఉంటారు.