పంతొమ్మిది సున్నాలు

సాక్చి బజారు వెనక సందులోని పెంపుడు జంతువుల క్లినిక్‌లో నేను సీనియర్ వెటర్నరీ డాక్టరుగా చేరింది రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు. ఈ సంగతి ఆ మరుసటి ఏడు వానాకాలంలో జరిగింది. అప్పటికే నాకు ఓపిక తగ్గిపోయింది. సీనియర్ అంటే అక్కడ అర్థం ఒక్కటే: జూనియర్లకు తెమలని కేసులన్నీ నా బల్ల మీదికి వస్తాయి, వాటి యజమానుల కన్నీళ్లతో సహా.

ఒకరోజు బాగ్‌బేరా నుంచి అప్పారావు గారు, ఆయన భార్య సత్యవతి గారు పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చారు. ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఆ హిందీ ఊళ్లో వాళ్లలాగే మాదీ శ్రీకాకుళం వైపే కావడంతో సత్యవతి గారు కూర్చోకముందే కబుర్లు మొదలుపెట్టారు. వయసులో ఈయన గూడ్సు బండి ఇంజనెక్కాడనీ, తర్వాత నడుం నొప్పి వల్ల దిగి ఆఫీసు పనికి మారాడనీ, కాలనీలో ఇప్పటికీ డ్రైవర్ గారనే పిలుస్తారనీ చెప్పారు. ఆయన మాత్రం బుట్ట మూత మీద చెయ్యి వేసి నేలచూపులు చూస్తూ కూర్చున్నారు.

పిల్లి పేరు మున్ని. పదేళ్లది. షుగరు వ్యాధి అని పరీక్షలో తేలింది. పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్ ఇవ్వాలని చెప్పి, సూది వేయడం నేర్పాను. ఆ తర్వాత కీటోన్ల సంగతి వివరించాను. ఇన్సులిన్ చాలనప్పుడు ఒంటికి చక్కెర అందదు, కొవ్వును కరిగించుకుంటుంది. అలా కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలే కీటోన్లు. అవి పెరిగితే పిల్లి ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు చేసుకుంటుంది, ఆపైన మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

ఇంట్లో కనిపెట్టడానికి మూత్రపరీక్ష పట్టీలున్నాయి. పిల్లి పెట్టెలో ఇసుక తీసేసి, తడి పీల్చని ప్లాస్టిక్ పూసలు పోయాలి. అడుగున నిలిచిన మూత్రంలో పట్టీ ముంచి తీసి, సరిగ్గా పదిహేను సెకన్లు ఆగి, సీసా మీది రంగుల గళ్లతో పోల్చాలి. లేత గోధుమ రంగైతే సున్నా. గులాబీ తిరిగితే నాకు ఫోన్ చెయ్యాలి. వంగపండు రంగైతే ఆటో ఎక్కాలి. ఆరోజు మున్ని మూత్రంలో పట్టీ ముంచి చూపించాను. గోధుమ రంగులోనే ఉంది.

సీసా అందిస్తూ నేను నవ్వుతూ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "సిగ్నళ్లు చూసిన కళ్లు. రంగుల గురించి మీకు నేను చెప్పాలా అండీ?" సత్యవతి గారు మురిసిపోయారు. ఆయన ఏదో అనబోయి, ఆమె వైపు చూసి, సీసా జేబులో వేసుకున్నారు. బయట ఇంకా పదిమంది ఉన్నారు. తర్వాతి వాళ్ల కోసం నేను గంట కొట్టాను.

వారానికి రెండుసార్లు చూస్తే చాలన్నాను. ఆయన రోజూ పొద్దున్నే చూసేవారు. గీతలు గీసిన రిజిస్టరులో తేదీ, వేళ, ఇన్సులిన్, తిన్న తిండి, కీటోన్, చివర సంతకం. అంత శుభ్రమైన రికార్డు మా క్లినిక్‌లోనే లేదు. పదిహేడో రోజు ఫోన్ చేసి, నిన్నటి నుంచి మున్ని సగమే తింటోందన్నారు. కీటోన్ ఎంతని అడిగాను. సున్నా అన్నారు. అయితే పంటి నొప్పో, వాన ముసురో అయి ఉంటుంది, రెండ్రోజులు చూద్దామన్నాను. షుగరున్న పిల్లి తిండి తగ్గిస్తే పట్టీతో పని లేకుండా రప్పించాలి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ సున్నా వినగానే నాకు ఒక కేసు తగ్గిందనిపించింది, అంతే.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం తీసుకొచ్చారు. బుట్ట మూత తియ్యగానే మాగిపోయిన పండు వాసన. ఎవరూ చెప్పనక్కర్లేదు, అది కీటోన్ల వాసనే. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. సెలైన్ పెట్టాం, గంటగంటకూ కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఇచ్చాం. మర్నాడు పొద్దున మున్ని చనిపోయింది.

అప్పుడు ఆయన తెచ్చిన రిజిస్టరు తెరిచాను. వరసగా పంతొమ్మిది సున్నాలు. ఆ ముందు రోజు నుంచి నిద్ర లేదు, నోటికి అదుపూ లేదు. పరీక్ష చెయ్యకుండా ఇంట్లో కూర్చుని రాసేశారని ఆయన్ని భార్య ముందే అన్నాను. ఆయన రిజిస్టరు మూసి, ఖాళీ బుట్ట పట్టుకుని, ఏడుస్తున్న ఆవిడ వెనకే వెళ్లిపోయారు.

వారం తర్వాత ఒక్కరే వచ్చారు. వరసలో కూర్చుని, తన వంతు వచ్చాకే లోపలికొచ్చి, ఒక కవరు నా బల్ల మీద పెట్టారు. లోపల తెల్లకాగితం మీద వాడిన పట్టీలు, పంతొమ్మిదీ, టేపుతో అతికించి, పక్కన తేదీ, ఆ రోజు రిజిస్టరులో రాసిన అంకె. పాతబడిన పట్టీ రంగును మేం లెక్కలోకి తీసుకోం. అయినా మొదటి పదిహేనూ గోధుమ రంగులోనే ఉన్నాయి. పదహారోది, పదిహేడోది గులాబీ. చివరి రెండూ లేత వంగపండు రంగు. నాలుగింటి పక్కనా సున్నాయే రాసి ఉంది.

"నాను పరీచ్చ సేసినానమ్మా. సెయ్యకుండా రాయనేదు," అన్నారు. "ఈ పంతొమ్మిదీ నాకు ఒక్కలాగే అగుపిత్తాయి."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఉద్యోగంలో చేరేటప్పుడు రంగుల చూపు పరీక్షకు రైల్వే డాక్టరు రంగు చుక్కల్లో అంకెలు చదివించే పుస్తకాన్ని ముందే బట్టీపట్టి గట్టెక్కారు. కొన్నేళ్లకు మళ్లీ మెడికల్ పరీక్ష చేసినప్పుడు పుస్తకం మారింది. పట్టుబడ్డారు, ఇంజను దింపేశారు. నడుం నొప్పి అన్నది ఇంట్లో చెప్పుకున్న మాట. ఈ సంగతి భార్యకు ఇప్పటికీ తెలియదు.

"ఆలికి సెప్పకండమ్మా. రికార్డు దొంగదన్నారు కదా, మీకొక్కలికి సెప్పాలనొచ్చినాను. బస్, అంతే."

రంగులు పోల్చుకోలేనని ఆ రోజే చెప్పాల్సింది కదా అని నేను అడగలేదు. చెప్పబోయిన మనిషి నోరు మూయించింది నేనే. క్షమించమన్నాను. ఆయన తలూపి, కవరు నా దగ్గరే వదిలేసి వెళ్లారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. పట్టీల సీసా ఎవరికిచ్చినా ముందు గోధుమ రంగు, గులాబీ రంగు అట్టముక్కలు కొన్ని కలిపి ఇచ్చి, వేరు చెయ్యమనేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు. ఇద్దరు మగవాళ్లు చెయ్యలేకపోయారు. కారణం అడగకుండా, పట్టీల బదులు, ఒకరి తర్వాత ఒకరికి మీటరు వాడుకోడానికి ఇచ్చాను. పిల్లి చెవి అంచున చిన్న పోటు, ఒక్క రక్తపు చుక్క, కీటోన్ ఎంతో అంకెల్లో వస్తుంది. రంగుతో పని లేదు.

ఆ మీటరు కొత్తగా కొన్నది కాదు. అప్పారావు గారికి పట్టీల సీసా ఇచ్చిన రోజున కూడా నా బల్ల సొరుగులోనే ఉంది.