పసుపు కుంకుమ చేను, పక్కింటి ఉని

“చేపకి పులుపెక్కువైంది చెల్లీ.”

“రేపు తగ్గిస్తాలే. నువ్వు లోపలికి పో, చలి.”

పక్కింటి ఉనికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. పెరటి గోడకి అవతల ఆవిడ, ఇవతల నేను. ఈ పొద్దున కానాగంత చేపల పులుసు పొంగి పొయ్యి మీద పడింది. చింతపండు మాడిన వాసన ముక్కుకి తగలగానే కాళ్లు వాటంతట అవే ఆ గోడ దగ్గరికి వెళ్లాయి. అవతల ఇప్పుడు వేరేవాళ్ల బట్టలు ఆరుతున్నాయి. లోపలికి వచ్చి శ్రావణిని పిలిచి కూర్చోబెట్టాను. శ్రావణి నా అన్న కూతురు, లిమరిక్‌లో చదువుకుంటోంది. నాకు సంతకం గీయడం వచ్చు, అంతకు మించి అక్షరం రాదు. నేను చెబుతాను, అది రాస్తుంది. ఉనిని చూడనివాళ్లకి ఆవిడ ఎవరో తెలియాలి.

మాది బందరు అవతల సముద్రం వార ఊరు. ఏడాదిలో సగం వల, సగం చేను. మా ఆయన పోయిన మరుసటేడు మా అమ్మాయి పద్మ పురిటికని ఐర్లండులో ఈ ఎన్నిస్ ఊరికి వచ్చాను. పిల్లాడు బోర్లా పడకముందే ఆ మాయదారి జబ్బు వచ్చి విమానాలు ఆగిపోయాయి. రోడ్డు మీద గార్డులు, ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవారు. అమ్మాయి ఒక గదిలో, అల్లుడు ఒక గదిలో కంప్యూటర్లకి అతుక్కుని కూర్చుంటే నాకు మిగిలింది పెరడు. కాలేజీ మూసేస్తే శ్రావణి కూడా మా దగ్గరికే వచ్చింది. పక్కింట్లో ఒక పెద్దావిడ తలకి గుడ్డ కట్టుకుని తిరుగుతుండేది. కూతురు ఇక్కడి ఆసుపత్రిలో నర్సట. మొదట్లో నేను ఆవిడని చూసి తల ఊపేదాన్ని, ఆవిడ నన్ను చూసి తల ఊపేది. అంతే.

ఒక మధ్యాహ్నం ఆవిడ బట్టల తాడు ఊడిపోయింది. దాన్ని మళ్లీ బిగించడానికి తాడు నడుముకి ఆనించి, వీపు వెనక్కి వాల్చి, మడమలు నేలలో దిగేసి, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ లాగుతోంది. ఆ లాగడం చూసి నా చేతిలో చెంబు జారింది. అది బట్టల తాడు లాగే పద్ధతి కాదు. అది అలివి వల లాగే పద్ధతి. పడవ మీద వల తీసుకెళ్లి సముద్రంలో చుట్టు తిప్పి వస్తే, రెండు కొసలూ పట్టుకుని ఊరంతా ఒడ్డున నిలబడి లాగుతారు చూశారా, అదీ. నేను గోడ ఇవతల నిలబడి వట్టి చేతులతో లాగడం మొదలుపెట్టాను. మా ఊరి కేక కూడా వేశాను, “హైలెస్సా” అని. ఆవిడ ఆగి, నోరు తెరుచుకుని చూసి, తన ఊరి కేక తను వేసింది. శ్రావణి వంటింటి కిటికీలోంచి చూసి, “అత్తా, ఇద్దరికీ మతి పోయిందా?” అంది. “నోర్మూసుకుని ఇటు రా, ఈవిడది ఏ ఊరో ఇంగ్లీషులో అడుగు,” అన్నాను.

ఇండోనేషియాలో సుమత్రా అనే దీవి, సముద్రం ఒడ్డున ఊరు. వెనక వరి, ముందు వల. అక్కడా అంతేనట, తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్లకీ చేపలో వాటా. కుంటిదైనా, ముసలిదైనా, చెయ్యి వేస్తే చాలు. వాళ్ల భాషలో అక్కని ‘ఉని’ అంటారు. నేను ఆవిడని ఉని అన్నాను, ఆవిడ నన్ను మా భాషలో చెల్లీ అంది. తర్వాత శ్రావణి లేకపోయినా సగం చేతులతో, సగం ముక్కల ఇంగ్లీషుతో గడిచిపోయేది. ఆవిడ అన్న మాటలు ఇక్కడ మన మాటల్లోనే చెబుతున్నాను.

ఆ రోజుల్లోనే మా మరిది వీడియో ఫోన్లు ఎక్కువయ్యాయి. ఫోను పద్మకే చేసేవాడు. మా కాలువ గట్టు పొలాలన్నీ కలిపి రొయ్యల చెరువుకి లీజుకిస్తున్నారు. కాలువకీ మిగతా పొలాలకీ మధ్యలో పడింది మా చేను. అది ఇవ్వకపోతే చెరువుకి నీళ్లు రావు. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టాక ఆ మట్టిలో మళ్లీ వరి మొలవదని నాకు తెలుసు, మరిదికీ తెలుసు. “అమ్మా, ప్రాక్టికల్‌గా ఆలోచించు. అక్కడ వ్యవసాయం ఎవరు చేస్తారు? బాబాయి చూసుకుంటాడులే,” అనేది పద్మ. ఫోను నా చేతికిస్తే నేను దాన్ని పట్టుకుని పెరట్లో ఓ మూలకి పోయి, గొంతు తగ్గించి, “నీ ఇష్టం, పెద్దాళ్లని కనుక్కో,” అని గొణిగేదాన్ని.

ఉని అదంతా గోడ మీంచి చూసింది. ఎవరి పొలం అని అడిగింది. “మా ఆయనది,” అన్నాను.

“మీ ఆయనకి ఎవరిచ్చారు?”

“మా నాన్న.”

“మీ నాన్న మీ ఆయనకి ఎందుకిచ్చాడు?”

“ఆయనకి కాదు. నా పెళ్లికి నాకిచ్చాడు. పసుపు కుంకుమ కింద.”

ఉని నవ్వడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వింది. “మీ నాన్న నీకిస్తే అది మీ ఆయనది ఎలా అయింది? వలలో పడ్డ చేప పడవదా?” అంది. నాకు కోపం వచ్చి ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ చేనుని అత్తింటి పేరుతోనే పిలిచాను. ఊరంతా అలాగే పిలిచింది. శిస్తు రసీదు మీద నా పేరు చూసినవాళ్లు కూడా అలాగే పిలిచారు. మా ఊళ్లో పసుపు కుంకుమ చేలన్నీ అంతే. పెళ్లికూతురు గడప దాటగానే చేను కూడా పేరు మార్చుకుంటుంది.

వాళ్ల ఊళ్లో అలా కాదట. పొలమూ, పెద్దిల్లూ తల్లి నుంచి కూతురికే వెళ్తాయి. మొగుడు వచ్చి పెళ్లాం ఇంట్లో ఉంటాడు. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల పొలం చూసిపెడతారు గానీ, వాళ్లని అడక్కుండా గడ్డి పరక కూడా తాకట్టు పెట్టరు. నేను నమ్మలేదు. తర్వాత కళ్లారా చూశాను. బేరాలు లేక చేపలు కొనేవాళ్లు లేని రోజుల్లో ఉని తమ్ముడు ఫోను చేశాడు. నెరిసిన మీసాల మనిషి. వాళ్ల మాటలు తర్వాత ఉనే నాకు విడమరిచి చెప్పింది. పొలం తాకట్టు పెడతాను, ఒప్పుకో అక్కా, అని అడుగుతున్నాడు. ఉని పెరటి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కో వేలూ ముడుస్తూ అడిగింది. ఇంట్లో శవం ఉందా, సాగనంపలేక? ఈడొచ్చిన పిల్ల పెళ్లి ఆగిపోయిందా? పెద్దింటి కప్పు కారుతోందా? మన వంశానికి కొత్త పెద్దని నిలబెట్టే ఖర్చుందా? తాకట్టుకి వాళ్ల పెద్దలు చెప్పిన కారణాలు ఆ నాలుగేనట. తమ్ముడు ఒక్కోదానికీ లేదు, లేదు అన్నాడు. “అయితే నా గాజులు అక్కడే ఉన్నాయి, అవి అమ్ముకో. మట్టి జోలికి పోకు,” అంది. ఆయన తల వంచి సరే అన్నాడు. ఒక ఆడమనిషి ఇంత దూరం నుంచి కాదంటే, ఒక మీసాల మనిషి సరే అనడం నేను పుట్టాక మొదటిసారి చూశాను.

“అన్నం పెట్టే మట్టి నీదైతే, సరే అనాల్సింది వాళ్లు. నువ్వు కాదు,” అంది నాతో.

చలికాలంలో జబ్బు వాళ్లింటికి వచ్చింది. పులుసు గిన్నె గోడ మీద పెట్టిన మర్నాడే ఉనిని అంబులెన్సులో తీసుకెళ్లారు. ఎవర్నీ చూడనివ్వలేదు. ఆసుపత్రిలో పనిచేసే కూతురికే చూడ్డం కష్టమైంది. ఉని తిరిగి రాలేదు. సమాధికి పదిమందికి మించి రానివ్వని రోజులు. ఇక్కడివాళ్లు ఏం చేశారంటే, శవం కారు మా వీధిలోంచి వెళ్తుంటే ఎవరి గేటు ముందు వాళ్లు నిలబడ్డారు, వీధి పొడుగునా. ఎదురింటి ముసలాయన టోపీ తీసి పట్టుకున్నాడు. మా ఊళ్లో మొగుడు పోయినదాన్ని దేనికీ ఎదురు రానివ్వరు. నేను గేటు తీసుకుని అందరికంటే ముందుకెళ్లి నిలబడ్డాను. ఆవిడ పక్కింటి చెల్లెల్ని నేనే కదా.

ఆ ఆదివారం మరిది మళ్లీ ఫోను చేశాడు. ఈసారి పక్కన కాలువ గట్టు రైతులందరూ కూర్చుని ఉన్నారు. “వదినా, అందరూ ఉన్నారు. ఊ అను, అయిపోద్ది,” అన్నాడు.

నేను కుర్చీ తెచ్చుకుని పెరటి మధ్యలో వేసుకున్నాను. “ఇంట్లో శవం ఉందా మరిదీ, సాగనంపలేక?”

“అదేం మాట వదినా, పొద్దున్నే?”

“కప్పు కారతందా?”

“లేదు.”

“అయితే చెరువెందుకు? మా నాయన నాకిచ్చిన చేను అది. వరి వేస్తావా, వెయ్. సగం గింజలు నీయే. ఉప్పునీళ్లు మాత్రం పెట్టనివ్వను.”

“అన్నయ్య ఉంటే ఇలా అనేవాడు కాదు.”

“మీ అన్నయ్య ఉన్నా చేను నాదే.”

వెనకాల ఎవరో నవ్వారు. మరిది ఫోను పెట్టేశాడు. పద్మ తలుపు దగ్గర నిలబడి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చాలాకాలం మరిది మాట్లాడలేదు. ఆ ఏడు చేను బీడు పడింది, అదీ చెబుతున్నాను. మరుసటేడు వరి వేశాడు.

విమానాలు నడిచాక వెళ్లి చూసొచ్చాను. గట్టు మీద నిలబడితే మా తోడికోడలు నా పక్కకి వచ్చి, మొగుడికి వినపడకుండా అడిగింది. “అక్కా, మా నాయన కూడా నాకో ముక్క ఇచ్చాడంట పెళ్లికి. అదేడుందో నాకు తెలవదు.” నేను దాని చెయ్యి పట్టుకుని ఆ పొద్దే వాళ్ల పుట్టింటి ఊరికి తీసుకెళ్లాను. వాళ్లన్నయ్య ముందు నసిగాడు, తర్వాత చూపించాడు. కొబ్బరి చెట్లున్న ముక్క. అది చెప్పులు విడిచి అందులోకి దిగి అటూ ఇటూ నడిచింది. ఉని నాకిచ్చింది ఇదే. నా చేను నాకు ఇచ్చింది, ఇంకొకరికి ఇప్పించే నోరు కూడా ఇచ్చింది. నా తర్వాత ఆ చేను పద్మకీ, రాస్తున్న నీకూ.

ఏడవకు శ్రావణీ, కాగితం తడుస్తుంది. ఇప్పుడు మొదట్నుంచి చదివి వినిపించు. నేను ‘నా చేను’ అన్నచోట నువ్వు ఎక్కడైనా ‘మా చేను’ అని రాసి ఉంటే, అక్కడ ఆగు, దిద్దు, మళ్లీ చదువు.