సున్నం వేయని జానెడు గోడ

"సారు పోయిండ్రు మేడం." పోయిన ఆదివారం పొద్దున ల్యాబు అటెండరు ఫోన్ చేసి చెప్పాడు. నల్లరేగడి మీద పునాది ఎలా నిలబడుతుందన్నదే మా సారు జీవితకాలపు పరిశోధన. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేశాను, ఆయనతో అందరికన్నా ఎక్కువ పోట్లాడిందీ నేనే. ఫోను పెట్టేసి గోళ్ల వంక చూసుకున్నాను. అప్పట్లో ఎంత కడిగినా వాటి కింద రేగడి నలుపు పోయేది కాదు.

నిజామాబాద్‌లో మా అమ్మ బీడీలు చుట్టేది. సిగ్గుతో కాలేజీలో సారుకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. తడిమట్టిని చేత్తో సన్నటి పోగులా చుట్టి, ఎక్కడ విరుగుతుందో చూసే పరీక్ష ఒకటుంది. ఆ పోగు చూసి, "అమ్మ చెయ్యి వచ్చింది బిడ్డా నీకు" అని సారు మురిసిపోయేవారు. ఆ మాటతో నా సిగ్గు పోయింది.

థీసిస్ మీద మాత్రం సంతకం పెట్టలేదు. బోధన్ చెరుకు తోటల పక్కన నేను మట్టి తీసింది వానాకాలంలో. ఎండాకాలంలో మళ్లీ తీయమన్నారు. పీహెచ్‌డీ ఉంటేనే పిలిచే లెక్చరర్ ఇంటర్వ్యూ దగ్గరపడింది. "అంకెలు బాగానే ఉన్నాయి కదా సార్!" అని గొంతు లేపాను. మర్నాడు బస్సెక్కించి ఎడపల్లి దగ్గరి ఓ ఊళ్లో చిన్న ప్రార్థనా మందిరానికి తీసుకెళ్లారు. గోడకు నేల నుంచి కిటికీ దాకా పగులు. పక్కన పెన్సిల్ గీతలు, తేదీలు, అన్నీ సారు చేతిరాతే.

"దీనికి పునాది గింత లోతు చాలని చెప్పింది నేనే. వానల్ల మట్టి తీసిన. అప్పటికే అది కడుపునిండ నీళ్లు తాగి ఉన్నది, ల్యాబుల ఇంకేం ఉబ్బుతది? ఎండలకు ఎండి, మల్ల వానలకు ఉబ్బి గోడను లేపింది. తప్పు మట్టిది కాదు బిడ్డా, నాది."

ఏటా రెండుసార్లు, నడివేసవిలో, వానల తర్వాత వచ్చి ఆయన ఆ పగులు కొలిచేవారు. సంఘం పెద్ద చాయ్ తెచ్చిచ్చి నవ్వాడు. "క్రిస్మస్‌కు సున్నం ఏసేటప్పుడు గీ జాగ ఇడిసిపెడ్తం. సారు రాసుకున్నది గద." సారు తల ఎత్తలేదు.

ఇంటర్వ్యూ వదులుకున్నాను. వేసవి మట్టి నా అంకెలన్నీ తారుమారు చేసింది. థీసిస్ మళ్లీ రాసిస్తే సారు సంతకం పెట్టారు. ఆ రోజు గొంతు లేపినందుకు క్షమించమని చెబుదామనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

నిన్న ఆ మందిరానికి వెళ్లాను. గోడలన్నీ తెల్లగా ఉన్నాయి, పగులు వెంట జానెడు వెడల్పున తప్ప. చివరి తేదీ పోయిన వానలది, చెయ్యి వణికిన రాత. ముసలివాడైపోయిన సంఘం పెద్ద, సారు కిటికీలో పెట్టి వెళ్లే స్కేలు, పెన్సిల్ ముక్క తీసి నా చేతికిచ్చాడు.

"ఎండలు ముదిరినయి. కొలువు బిడ్డా."

కొలిచి తేదీ వేశాను. దాని కింద ఇంకా చాలా గోడ ఉంది.