అక్క పేరు చూసి రమ్మన్న రోజు

నా చిన్నప్పుడు మేమున్న కాలనీకి ఇంకా పేరు కూడా కుదరలేదు. తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో, వేరుశనగ చేలు చదును చేసి ప్లాట్లు వేసిన చోటు అది. నలభై ఇళ్ళు ఉండేవేమో. సగం ఇళ్ళకు సున్నం కూడా పడలేదు. పలమనేరు నుంచి వచ్చినవాళ్ళు, ఏర్పేడు నుంచి వచ్చినవాళ్ళు, కూలి పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. ఎవరి వెనక ఏముందో ఎవరికీ తెలియదు. ఎవరు ఏం చెప్పుకుంటే అదే నమ్మేవాళ్ళం. అలా నమ్మడం ఎంతమందిని బతికిస్తుందో తెలిసే వయసు కాదు నాది.

అప్పుడు నేను ఏడో తరగతి. మా తాత తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనాడు. నాకు చదువు చెప్పింది ఆయనే. గొలుసుకట్టు రాత కూడా తడుముకోకుండా చదివేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు ఉత్తరం వస్తే నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆ గర్వం నాకు నిండా ఉండేది.

మా పక్క వాటాలో ఒక అక్క బాడుగకు ఉండేది. ఆమెది పులికాట్ సరస్సు ఒడ్డున ఏదో ఊరు. ఇరవై ఆరేళ్ళుంటాయి. నాలుగేళ్ళ కూతురితో ఒక్కతే ఉంటూ కుట్టుమిషను మీద రవికలు కుట్టేది. భర్త బొంబాయిలో పనిచేస్తున్నాడని చెప్పింది. మా అమ్మకు టైఫాయిడ్ వచ్చి లేవలేకపోయినప్పుడు, రెండు వారాలు మా ఇంటికి సంగటి వండిపెట్టింది ఆ అక్కే. నాకు జడ వేసి బడికి పంపింది కూడా ఆమే.

ఆ ఏడు ఓటర్ల జాబితా కొత్తగా రాశారు. బడి అయ్యవారు ఒకాయన ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుపోయినాడు. కొన్నాళ్ళకు జాబితా తెచ్చి మా బడి గోడకు అంటించారు. తప్పులుంటే పదిహేను రోజుల్లో చెప్పుకోవాలన్నారు. ఇంటి నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఆడో మగో, వయసు, అన్నీ వరుసగా గడుల్లో ఉండేవి. చదువు రాని ఆడవాళ్ళు నన్ను వెంటబెట్టుకుపోయి, నాతో తమ పేర్లు చదివించుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి మురిసిపోయేవాళ్ళు. అంతకు ముందు వాళ్ళ పేరు అచ్చులో ఎక్కడా లేదు మరి.

అక్కకు మాత్రం తీరిక లేదు. ఎవరింట్లోనో పెండ్లి, రవికల పని మీద పడింది. ఒక ఉదయం నన్ను పిలిచి, మిషను ఆపకుండానే అడిగింది.

"పాపా, బడికి పోతావు కదా. నా పేరుండాదా, సరిగ్గా రాసినారా, రవంత చూసి రా. నాకు చదవను రాదు కదా."

సరేనన్నాను. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే జాబితా దగ్గరికి పోయాను. మా ఇంటి నంబరు కిందే అక్క ఇంటి నంబరు. పేరులో మొదటి అక్షరాలు చూశాను, అక్కదే. అంతలో నా కన్ను పక్క గడిలోకి జారింది. వీధిలో పెళ్ళయిన ఆడవాళ్ళందరికీ అక్కడ భర్త పేరుంది. అక్క వరుసలో మాత్రం 'తండ్రి' అని ఉంది. అంతే, ఇంక ముందుకు చదవలేదు.

ఎందుకు చదవలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. నాకొక పెద్ద రహస్యం దొరికిందనిపించింది. దాన్ని ఎవరికైనా చెప్పేదాకా ఊపిరాడలేదు. సాయంత్రం బడి నుంచి వస్తూ బోరింగు దగ్గర ఆగాను. ఏడెనిమిది మంది బిందెలతో ఉన్నారు. అక్క ఇంటి ఓనరమ్మ కూడా ఉంది.

"అక్కకు మొగుడి పేరు లేదు. జాబితాలో నాయన పేరే ఉండాది," అన్నాను.

బోరింగు కొట్టే చెయ్యి ఆగిపోయింది. "సరిగ్గా చూసినావా మే?" అని ఓనరమ్మ అడిగింది. "నేను చదివింది తప్పెట్లవుతుంది?" అన్నాను. అందరూ నా ముఖమే చూస్తున్నారు. ఆ చూపులు నాకు ఎంత బాగున్నాయో చెప్పడానికి ఈ వయసులో కూడా నోరు రావడం లేదు.

మూడు రోజుల్లో అంతా మారిపోయింది. కుట్టడానికిచ్చిన గుడ్డలు, "మళ్ళీ ఇస్తాంలే" అంటూ ఒక్కొక్కరే వెనక్కి తీసుకుపోయారు. అక్క కూతురితో ఆడొద్దని పిల్లలకు చెప్పారు. అక్క బిందెతో పోతే బోరింగు దగ్గర మాటలు ఆగిపోయేవి. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమని ఓనరమ్మ చెప్పిందని మా అమ్మ తాతతో అనడం విన్నాను. నేను అక్క వాకిలి ముందు నుంచి పోవడం మానేసి, వెనక సందులోంచి తిరిగి వచ్చేదాన్ని.

ఒకరోజు ఆ సందులోనే ఎదురైంది. తిడుతుందనుకున్నాను. ఆమె ముఖం పీక్కుపోయి ఉంది. గొంతు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"ఏం పాపా, ఆ పొద్దు చూసి రమ్మంటి కదా. నా పేరు సరిగ్గా రాసినారా?"

నేను పేరు పూర్తిగా చూడనే లేదు. ఆమె చూసి రమ్మన్నది అదొక్కటే. ఇంటికి పరిగెత్తి, తాత దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కండువా భుజాన వేసుకుని, "పద, ఆ వరస నాకొకసారి చదివి వినిపిద్దువు," అన్నాడు.

బడి గోడ ముందు నిలబెట్టి, అద్దాలు తేలేదని చెప్పి నన్నే చదవమన్నాడు. అద్దాలు జేబులోనే ఉన్నాయి, నాకు కనబడుతూనే ఉన్నాయి. వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదివాను. అక్క పేరు చివర 'అమ్మ' అని ఉండాల్సిన చోట 'అయ్య' అని ఉంది. తర్వాత తండ్రి పేరు. ఆ పక్క గడిలో 'పురుషుడు' అని ఉంది. నా వేలు అక్కడే ఆగింది.

తాత నెమ్మదిగా చెప్పాడు. "రాసేటాయన ఒక్క అక్షరం తప్పు రాసినాడు. ఆడమనిషిని మగాయన చేసినాడు. మగాయనకు మొగుడి పేరు యాడ రాస్తారు మే? ముప్పై ఏండ్లు నేనూ ఇట్లాంటివే రాసినా. ఇట్ల నేనెన్ని తప్పులు రాసింటానో. చదివేవాళ్ళు నిలబడి చదువుతారులే అని ధైర్యం."

గడువు ఇంకా రెండు రోజులుంది. తాత సవరణ ఫారం తెచ్చాడు. మరునాడు పొద్దున నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి పోయి, జరిగిన తప్పు నాతోనే చెప్పించాడు. అక్క విని, "మగాయన అని రాసినారా?" అని నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. తాత ఫారం నింపడం మొదలుపెట్టాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. తండ్రి లేక భర్త అన్న చోటికి వచ్చేసరికి కలం ఆపి నా వైపు చూశాడు.

"నువ్వు పోయి వాకిట్లో నిలబడు."

వాకిట్లో నిలబడ్డాను. లోపల అక్క ఏం చెప్పిందో, ఆయన ఏం రాశాడో నాకు వినబడలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బయటికి వచ్చి, "నువ్వు అనిన చోటే పోయి అనాల్సింది ఒకటుండాది," అన్నాడు.

బోరింగు దగ్గరికి ఒక్కదాన్నే పంపాడు. నేను సగమే చదివానని, జాబితాలోనే తప్పు పడిందని, అక్కను మగాయనగా రాశారని అందరి ముందూ చెప్పాను. మొన్న నా మాటను అంత శ్రద్ధగా విన్నవాళ్ళే ఈసారి బిందెల వైపు చూస్తూ విన్నారు. "తప్పు పడిందే అనుకో. ఆ మొగుడు ఎప్పుడన్నా వచ్చినాడా మరి?" అంది ఒకామె. ఇంకొకామె, ఉత్తరమైనా రాలేదంది. అంతవరకూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అలాంటివి లెక్కపెట్టడం నేనే నేర్పాను వాళ్ళకు.

నెలాఖరుకు అక్క వెళ్ళిపోయింది. రిక్షాలో మిషను, రెండు ట్రంకు పెట్టెలు, వాటి మధ్య పాప. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ చద్దిమూట కట్టిచ్చింది. నేను తలుపు వెనక నిలబడి ఉంటే అక్కే లోపలికి వచ్చింది. నా తల నిమిరి, "బాగా చదువుకో పాపా," అంది. వేరెవరైనా అంటే ఆశీర్వాదం అనుకునేదాన్ని. ఆ రోజు ఆ మాట విని తల ఎత్తలేకపోయాను. సవరించిన జాబితా తర్వాత వచ్చింది. అక్క పేరు అందులో తప్పు లేకుండా ఉంది, ఆమె లేని ఇంటి నంబరు ఎదురుగా. ఈసారి నా కన్ను పక్క గడిలోకి పోనివ్వలేదు.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. ఆ చేలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. మేమున్న దాంట్లోకి ఎవరైనా కొత్తగా అద్దెకు వస్తే, సామాను దిగేలోపే ఇరుగుపొరుగువాళ్ళు ఆ కొత్తవాళ్ళ పేరు ఫోన్లో కొట్టి, ఊరేదో, స్థలం ఎవరి పేరున ఉందో, కోర్టులో కేసేమైనా ఉందో చూసేస్తున్నారు. నాకూ చూపించబోతారు. నేను అద్దాలు తీసి పక్కన పెట్టుకుంటాను. పెద్దావిడకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

ఓటర్ల జాబితాలూ ఇప్పుడు ఫోన్లోకి వచ్చాయి. అక్క బతికి ఉంటే డెబ్బై దాటి ఉంటుంది. ఆమెను వెతికి, ఎదురుగా పోయి, క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనిపించింది. మనవరాలు కూడా, "పేరు చెప్పు జేజీ, రెండు నిమిషాల్లో యాడుండాదో చెప్తా," అంది ఒకసారి. పేరు నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె నన్ను చూడమని అడిగింది ఒక్కసారే, ఒక్క గడిలోనే. అది కూడా నేను సరిగ్గా చూడలేదు. ఇంకోసారి ఆమె అడగకుండా ఆమె కోసం వెతికే హక్కు నాకెక్కడిది?