ఒళ్ళో పన్నెండు గాజు దారాలతో ఒంగోలు దాకా

మా అమ్మాయి శ్రావణి ఒంగోలు దగ్గర కాలేజీలో ఎంటెక్ చదువుతోంది. కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని రాగి తీగల్లో కాకుండా వెలుగు రూపంలో, ఒకేసారి పన్నెండు దారుల్లో పంపడం దాని ప్రాజెక్టు. ఆవగింజంత చిప్పు మీద వరుసగా పన్నెండు లేజర్లు, వాటికి ఎదురుగా రిబ్బనులా అతికిన పన్నెండు గాజు దారాలు. ఆ దారాల కేబుల్ ఉన్నది విరిగిపోయింది, కొత్తదేమో పొరపాటున గుంటూరులో మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నమే పరీక్ష. అందకపోతే ఏడాది చదువు వృథా. "నువ్వే తేవాలమ్మా, మడత పడనీకు" అంది ఫోన్లో. దేవుడి ముందు పెట్టి, బొట్టు పెట్టి, పెట్టెతో బయలుదేరాను.

గుంటూరు బస్టాండులో పొద్దున్నే ఒంగోలు ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. రెండున్నర గంటల ప్రయాణం. చిలకలూరిపేట దాకా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి బస్సంతా తుమ్ములే. పెట్టె మీద కొంగు కప్పాను. ఒంగోల్లో దిగి కాలేజీకి ఎనభై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను.

"ఏందమ్మా, అంత భద్రంగా పట్టుకున్నారు, బంగారమా?" అన్నాడు డ్రైవరు మస్తాన్.

"గాజు దారం నాయనా. పిల్ల పరీక్షకి."

"పరీక్షలో గాలిపటాలు కూడా ఎగరేయిస్తన్నారా!" అని నవ్వాడు గానీ, ఆ తర్వాత ప్రతి గుంత దగ్గరా ఆటో నెమ్మది చేశాడు.

ల్యాబులో శ్రావణి కేబుల్ తగిలించింది. ఈ లేజర్ల వెలుగు కంటికి ఆనదట, తెర మీద గీతలుగానే తెలుస్తుందట. పన్నెండు రావాలి. ఎనిమిదే వచ్చాయి. పిల్ల ముఖం పాలిపోయింది. కేబుల్ తీసి దాని కొసని మైక్రోస్కోపు కింద పెట్టింది.

"అమ్మా, ఎర్రగా ఏంటిది? బొట్టు ఎక్కడ పెట్టావ్?"

"మూత తీసి, ఆ కొసకే. మూతకి పెడితే దానికి పెట్టినట్టు ఎట్లా అవుతుందే?"

వెనక నుంచి వాళ్ళ సారు పగలబడి నవ్వారు. "మేం మొన్న కొత్త మిషను మీదే కొబ్బరికాయ కొట్టామమ్మా. మీరే నయం!"

శ్రావణి మాత్రం నవ్వలేదు. కొసనీ, చిప్పు వైపు గూటినీ స్పిరిట్‌తో ఓపిగ్గా తుడిచి మళ్ళీ తగిలించింది. తొమ్మిది, పది... పన్నెండూ వచ్చాయి. అప్పుడు నా వంక చూసి నవ్వింది. పరీక్ష గట్టెక్కింది.

తిరుగు బస్సులో అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. కంటికి ఆనని వెలుగుని నమ్మడం నాకు కొత్త కాదు. ప్రేమ కొద్దీ చేసినా, దాని దారికి నా వేలు అడ్డం రాకూడదని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఇలాంటి కేబుల్ తీసుకెళ్ళేవారికి ఒక్క మాట: వదులుగా చుట్టండి, మూత తీయకండి, బొట్టు అట్టపెట్టెకి పెట్టండి.