చుక్కల మీదుగా పోయిన గీత

మాచర్లలో మా ఇంటి పంచకు నాపబండలు పరిచి ఉండేవి. నల్లగా, నున్నగా, చదరంగా. మధ్యాహ్నపు ఎండ వాటి మీదికి వచ్చి పడుకుంటే కృష్ణలో నీళ్లలా కదులుతున్నట్టుండేవి. ఎస్సెల్సీ పెద్దపరీక్షకు నా గ్రాఫు కాగితం ఆ పంచే. యుద్ధం రోజులు. బజారులో మామూలు కాగితానికే దిక్కులేదు, గళ్ల కాగితం ఎవరిస్తారు?

కాగితం దొరికినప్పుడు నేను వెలగబెట్టిందేమీ లేదు. అంతకుముందు బడి పరీక్షలో సమీకరణానికి గ్రాఫు గీయమన్నారు. చుక్కలు సరిగ్గానే పెట్టాను. ఆ తర్వాత వాకిట్లో అలవాటైన చెయ్యి కదా, ఒక్క చుక్కనూ తాకకుండా, వాటి చుట్టూ మెలికలు తిప్పుతూ గీత కలిపాను. ముచ్చటగా వచ్చింది కూడా. లెక్కల మాస్టారు దాన్ని తరగతికంతా ఎత్తి చూపించారు.

"అమ్మాయిగారు లెక్క చెయ్యలేదర్రా, కళ్లాపి చల్లి ముగ్గేశారు."

మగపిల్లలు విరగబడి నవ్వారు. వాళ్లలో సగం మందికి చుక్కలు పెట్టడమే రాదు, ఆ సంగతి వేరు.

నాన్న నవ్వలేదు. "పెద్దపరీక్షలో లెక్కలు పోయినయ్యంటే ఇంక చదువు చాలు" అన్నాడు. అంతే.

అందుకే పంచలో కూర్చున్నాను. బండల మధ్య అడ్డంగా పోయే అతుకు ఎక్స్, నిలువుగా పోయేది వై. ఎక్స్‌ను రెండింతలు చేసి ఒకటి కలిపితే వై. ఎక్స్ సున్నా అయితే వై ఒకటి. కుడికి ఒక బండ జరిగితే పైకి మూడు, రెండు జరిగితే ఐదు. బండల మూలల్లో సుద్దముక్కతో చుక్కలు పెట్టి, వాటి మీదుగా గీత లాగాను.

నాయనమ్మ వత్తులు చేసుకుంటూ చూస్తోంది.

"ఏమే, చుక్కల నెత్తిన గీత పోనిస్తన్నావేంది? మా అత్త చూస్తే చీపురు తిరగేసేది."

"ఇది ముగ్గు కాదు నాయనమ్మా. ఆ చుక్కలన్నీ గీతవే. తాకకపోతే తప్పు."

"మరి గోడ కాడ ఆగిందేం?"

"ఆగలా. గోడ అడ్డమొచ్చింది. అది పోతానే ఉంటది."

"యాడికి?"

నాకేం తెలుసు? కళ్లు అరమూశాను. గీత గోడ దాటింది. జొన్నచేల మీదుగా, కొండల మీదుగా, కృష్ణ అవతలికి తెల్లగా సాగిపోయింది. రైలు పట్టాలు మా ఊళ్లోనే ఆగిపోతాయి. గీతకు ఆ ఖర్మ లేదు.

పరీక్ష గురజాలలో. అదే రకం సమీకరణం వచ్చింది. రెండు చుక్కలు కుదిరాయి. మూడోది పక్కకు పోయి కూర్చుంది. పెన్సిలు పాత అలవాటుగా వంపు తిరిగి దాని చుట్టూ పోబోయింది. నేను ఆపాను. ఇంట్లో అందరితోనూ వాదించేదాన్ని, ఒక్క చుక్కకు లొంగుతానా? నువ్వైనా తప్పు, నేనైనా తప్పు అనుకుని లెక్క మళ్లీ చేశాను. ఎక్స్‌కు మైనస్ ఒకటి వేసినచోట మైనస్‌ను మింగేశాను. చెరిపి, చుక్కను కిందికి దించాను. బుద్ధిగా వరసలోకి వచ్చింది. స్కేలు పెట్టి, గళ్లున్నంత మేరా గీత లాగాను.

ఇంటికి రాగానే నాయనమ్మ, "తాకిచ్చావా?" అంది.

"అన్నిటినీ."

ఫలితాలు వచ్చాక నాన్న మెచ్చుకోలేదు. కాలేజీ ఉన్న గుంటూరుకు పొద్దున బండి ఎప్పుడని పక్కింటి బాబాయిని అడిగాడు. నాయనమ్మ వత్తి చేతిలో పట్టుకుని, గోడ వైపు చూస్తూ కూర్చుంది.