ఊరికొక్క రుచి

వేడి చేప మీద నిమ్మకాయ పిండినప్పుడు లేచే వాసన నన్ను ఇప్పటికీ ఖోర్‌ఫక్కాన్ ఒడ్డుకు తీసుకుపోతుంది. మొన్న మధ్యాహ్నం ఇక్కడ గల్ఫ్‌లో, డేరా అనే పేటలోని ఒక చిన్న హోటల్లో, మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయితో భోజనానికి కూర్చున్నప్పుడు అదే వాసన వచ్చింది. నా తొలి ముదీర్, అంటే మేనేజరు, ఇలియాస్ గారు పక్కన వచ్చి కూర్చున్నట్లయింది.

ఆయనది లెబనాన్, మధ్యధరా సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. ఎనభైల తొలి రోజుల్లో డేరాలో ఆయన నడిపిన కట్టడాల కంపెనీలో నేను గుమాస్తాగా చేరాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. నాన్న మగ్గం నేసి నన్ను చదివించాడు. ఇద్దరు తమ్ముళ్ళ చదువు నా ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. ఆ ఉద్యోగమేమో ఇంకా ఖాయం కాలేదు. ముదీర్ సరేనంటే నిలుస్తాను, కాదంటే తిరుగు విమానమే. అలాంటి రోజుల్లో ఒక గురువారం సాయంత్రం, మరునాడు తూర్పు తీరపు ఊళ్ళు చూడడానికి తనతో రమ్మన్నారు. నన్ను పరీక్షించడానికే పిలిచారని నిశ్చయించుకున్నాను.

పొద్దున్నే టై కట్టుకుని, నల్లబూట్లు మెరిసేలా తుడుచుకుని కారు దగ్గరకు వెళ్ళాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన డ్రైవరు రాజన్న నన్ను తేరిపార చూసి, "సముద్రాన్ని పెండ్లాడవోతున్నవా సారూ?" అన్నాడు.

ఇలియాస్ గారి విహారానికి ఒక పద్ధతి ఉండేది. ఒక ఊళ్ళో ఒకటే తినాలి. చిన్నప్పుడు వాళ్ళమ్మ పిల్లలను తీరం వెంట తిప్పుతూ ఒక ఊళ్ళో రొట్టె, మరో ఊళ్ళో చేప, చివరి ఊళ్ళో నిమ్మరసం ఇప్పించేదట. ప్రతి ఊరికీ కొంత ఆకలి మిగుల్చుకోవాలని ఆవిడ నియమం. యుద్ధంతో ఆ దారులు మూసుకుపోయాయి గనుక, ఆయన ఆ పద్ధతిని ఈ తీరానికి తెచ్చుకున్నారు.

మసాఫీలో దారిపక్కన పుచ్చకాయ కోయించి ముక్క అందించారు. "వద్దండి, ఇప్పుడే తిన్నాను" అన్నాను. పెద్దల ఎదుట మొదటి మాటకే చేయి చాపకూడదని మా ఇంట్లో నేర్పారు. రెండోసారి అడిగితే తీసుకోవాలి. ఆయన రెండోసారి అడగలేదు. ఫుజైరాలో పొగలు కక్కే రొట్టె విరిచి సగం ఇవ్వబోయారు. మళ్ళీ అదే మాట అన్నాను. ఆకలి దహించేస్తున్నా, నా నిగ్రహాన్ని ఆయన గమనిస్తున్నారన్న తృప్తి ఉండేది. ఆ తర్వాత కారులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఖోర్‌ఫక్కాన్‌లో ఆయన చేపను కాల్పించడానికి వెళ్ళినప్పుడు రాజన్న నా దగ్గరకు జరిగాడు. "ముదీర్ మొకం చిన్నవోయింది. తింటె నౌకరి వోదు సారూ, తినకుంటెనే వోయేటట్టున్నది."

చేప వచ్చింది. ఆయన నిమ్మకాయ పిండి, పళ్ళెం నా ముందుకు జరిపారు. రాజన్న హెచ్చరించినా, అలవాటైన మాటే నోటికి వచ్చింది.

"ఎక్కడ తిన్నావు?" అన్నారాయన. ఇంగ్లీషులో అన్న మాటలే అయినా నాకు తెలుగులో గుర్తున్నాయి. "పొద్దుటి నుంచి నా కారులోనే ఉన్నావు కదా."

రాజన్న నవ్వు ఆపుకోవడానికి సముద్రం వైపు తిరిగాడు.

"రెండు ఊళ్ళు దాటాం. నువ్వు ఒక్క ఊళ్ళోకీ రాలేదు."

అప్పుడు మగ్గం సంగతి, తమ్ముళ్ళ సంగతి, నా భయం, అన్నీ చెప్పేశాను. ఆయన చివరిదాకా విన్నారు.

"నీ ఉద్యోగం మొదటి నెలలోనే ఖాయమైపోయింది, ఖలాస్. ఆఫీసు మాట ఆఫీసులో చెబుదామని ఆగాను. ఇది శుక్రవారం, సెలవు. ముందు ఆ బూట్లు విప్పు."

విప్పాను. తడి ఇసుక వేళ్ళ మధ్యకు వచ్చింది. టై జేబులో కుక్కుకుని, రెండు చేతులతో ముళ్ళు తీసుకుంటూ తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి ఆయన నన్ను అడగకుండానే ఇంకో చేప తెప్పించారు. దిబ్బాలో నిమ్మరసం తాగుతున్నప్పుడు, మీ సముద్రం ఇలాగే ఉంటుందా అని ధైర్యంగా అడిగాను.

"లేదు," అన్నారు. "కానీ అక్కడా కొండ ఇలాగే నీళ్ళదాకా దిగి వస్తుంది." గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ కొండనే చూస్తూ కూర్చున్నారు. ఆ ముఖంలో లోటేమీ నాకు కనిపించలేదు.

అవి ఆయన నాకు ఇచ్చిన ఊళ్ళు. ఆ తర్వాత ఏ ఊరికి వెళ్ళినా ఆకలితోనే వెళ్తున్నాను. మొన్న ఆ హోటల్లో చేప బల్ల మీదికి రాగానే, ఎదుట కూర్చున్న అమ్మాయి నిటారుగా సర్దుకుని, "వద్దు సార్, ఇప్పుడే తిన్నాను" అంది.

"ఎక్కడమ్మా? పొద్దుటి నుంచి నాతో సైట్లోనే ఉన్నారు కదా" అని, నిమ్మకాయ పిండి, పళ్ళెం ఆమె ముందుకు జరిపాను.